పాత ల్యాప్‌టాప్‌కి కొత్త కెర్నెల్ : ఒక స్నాగ్ రిపోర్టు

(పుదుచ్చేరిలో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద పెన్షన్ గురించి, ఆరోగ్యం గురించి ఉపన్యాసాలు ఉంటాయి. ఈసారి కార్యదర్శిగారు "మన ఆఫీసులో ఆ పాత ల్యాప్‌టాప్‌ని మీరంతా కలిసి ఎలా నిలబెట్టారో చెప్పండి, అదే మాకు కావాలి" అన్నారు. నేను ఎయిర్‌ఫోర్స్‌లో రేడియో పని చేసినవాణ్ణి. కంప్యూటర్ పట్టా ఏదీ లేదు. కాబట్టి దీన్ని పండితుడి ఉపన్యాసంగా కాక ఒక స్నాగ్ రిపోర్టుగా వినండి. ఏం ఫాల్టు వచ్చింది, ఎలా పట్టుకున్నాం, ఎలా తీశాం, అంతే.

ఆ ల్యాప్‌టాప్ మీ అందరికీ తెలిసిందే. సంక్షేమ విభాగం బల్ల మీద, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ పక్కన ఉండే నల్లటి పెట్టె. 2005లో కొన్నది. మన సభ్యుడొకరు తన అవసరం తీరాక సంఘానికిచ్చారు. పెంటియమ్ ఎమ్ ప్రాసెసర్, 1 జీబీ మెమరీ, 40 జీబీ హార్డ్ డిస్క్. వచ్చినప్పుడు విండోస్ ఎక్స్‌పీ ఉండేది. దానికి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో మద్దతు ఆపేసింది. అప్పటి నుంచి అది అలమారా మీదే ఉంది.

2024 నవంబర్ 30 రాత్రి ఫెంగల్ తుఫాను మన ఊరి దగ్గరే తీరం దాటింది. ఒక్క రోజులో 45 సెంటీమీటర్లకి పైగా వాన. కృష్ణానగర్ లాంటి చోట్ల ఇళ్ళలో చిక్కుకున్నవాళ్ళని బయటికి తేవడానికి ఆర్మీ జవాన్లు రావలసివచ్చింది, మీలో కొందరు కళ్ళారా చూశారు. మన గదిలోకీ నీళ్ళొచ్చాయి. నేల మీద ఉన్న డెస్క్‌టాప్ మునిగిపోయింది. బల్ల మీద ప్రింటరు, అలమారా మీద ల్యాప్‌టాపు మిగిలాయి.

ఆ రెంటికీ జత కుదరడానికి కారణం ఉంది. మన దరఖాస్తులు మూడు ప్రతులు, కార్బన్ పెట్టి కొట్టాలి. ఇంక్‌జెట్‌తో, లేజర్‌తో కార్బన్ పడదు, సూది గట్టిగా తగలాల్సిందే. ఆ ప్రింటర్‌కి ఉన్నది ప్యారలల్ పోర్టు. ఇవాళ బజార్లో దొరికే ల్యాప్‌టాపుల్లో ఆ పోర్టు ఉండదు. యూఎస్‌బీ కన్వర్టర్ కేబుల్ ఒకటి తెచ్చి చూశాం, మన ప్రింటర్‌తో దానికి పొసగలేదు. ఈ పాత ల్యాప్‌టాప్ వెనకాల మాత్రం ఆ పోర్టు లక్షణంగా ఉంది.

ఇంకోటి, అసలైనది. మన సంక్షేమ రిజిస్టరు ఇప్పుడు అందులోనే ఉంది. కుటుంబ పెన్షన్ కోసం వచ్చే వీరనారుల పీపీవో నంబర్లు, బ్యాంకు ఖాతాలు, నామినీల పేర్లు. భర్త పోయి నెల తిరక్కుండా ఆ బల్ల ముందుకి వచ్చి కూర్చునే ఆడమనిషి, తన కాగితాలన్నీ మన చేతిలో పెట్టి వెళ్తుంది. ప్రింటర్‌ని మిగతా రెండు కంప్యూటర్లు కూడా వాడుకోవాలి కాబట్టి ఈ ల్యాప్‌టాప్ నెట్‌వర్క్‌లో ఉండాలి. నెట్‌వర్క్‌లో ఉన్న యంత్రానికి భద్రతా సవరణలు ఎప్పటికప్పుడు అందకపోతే, గేటు తెరిచి సెంట్రీని ఇంటికి పంపినట్టే. అందుకని ఎక్స్‌పీ తీసేసి లైనక్స్, అందులో డెబియన్ 12 ఎక్కించాం.

ఇక్కడిదాకా ఎవరైనా చెయ్యగలిగిందే. చిక్కు ఎక్కడంటే, మనది 32 బిట్ ప్రాసెసర్. అందులోనూ మొదటి తరం పెంటియమ్ ఎమ్‌లకి ఒక విచిత్రం ఉంది. పీఏఈ అనే సౌకర్యం లోపల ఉంటుంది, కానీ "నాకుంది" అని ఆ చిప్ బయటికి చెప్పదు. అడిగితే లేదంటుంది. దాంతో చాలా లైనక్స్ డిస్కులు మొదట్లోనే వెనక్కి తిరిగిపోతాయి. డెబియన్ 12లో పీఏఈ అక్కర్లేని కెర్నెల్ విడిగా ఉంది కాబట్టి గట్టెక్కాం. కానీ 2025 ఆగస్టు 9న విడుదలైన డెబియన్ 13లో 32 బిట్ పీసీలకి కెర్నెల్ ఇవ్వడమే మానేశారు. డెబియన్ 12కి దీర్ఘకాల మద్దతు 2028 జూన్ ఆఖరు వరకు. ఆ తర్వాత? కెర్నెల్ అసలు మూలంలో, అంటే లైనస్ టోర్వాల్డ్స్ బృందం విడుదల చేసే సోర్సులో, 32 బిట్‌కి ఇంకా చోటుంది. కట్టి ఇచ్చేవాళ్ళు తగ్గిపోతున్నారు. అంటే మన కెర్నెల్ మనమే కట్టుకోవాలి.

అదీ ఎప్పటికీ ఉంటుందని కాదు. 1991లో లైనక్స్ పుట్టిందే 386 ప్రాసెసర్ మీద. ఆ 386కే 2012 డిసెంబరులో ఉద్వాసన చెప్పారు, 2013లో వచ్చిన 3.8 నుంచి అది లేదు. పుట్టింటికే ఆ గతి పడితే మన పెంటియమ్ ఎమ్ ఎంత? అయినా ఇంకొన్నేళ్ళు నడుస్తుంది. 2028లో హడావుడి పడేకన్నా ఇప్పుడే, పాత కెర్నెల్ స్టాండ్‌బైగా ఉండగానే, డ్రిల్ చేసి పెట్టుకుందామని నిర్ణయించాం. యుద్ధం మొదలయ్యాక రైఫిల్ విప్పడం నేర్చుకోం కదా.

కెర్నెల్ అంటే ఏమిటని ఆడవాళ్ళ వరసలోంచి చీటీ వచ్చింది. ఇంగ్లీషులో పలికితే మన కల్నల్ గారిలాగే వినిపిస్తుంది, పనీ ఇంచుమించు అదే. ఆ మాటకి అర్థం గింజలోపలి పప్పు. కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రామ్‌కి ఎంత మెమరీ, ఎవరికి ఎంతసేపు ప్రాసెసర్, డిస్క్ దగ్గరికి ఎవరు వెళ్ళాలి, ప్రింటర్‌కి ఎవరి కాగితం ముందు, ఇవన్నీ తేల్చేది కెర్నెల్. మీరు చూసే అక్షరాలు, బొమ్మలు, బ్రౌజరు ఏవీ అది కాదు. కల్నల్ గారు కనిపించకపోయినా యూనిట్ నడుస్తుంది, లేకపోతే నడవదు.

డెబియన్‌వాళ్ళు ఇచ్చే కెర్నెల్ ప్రపంచంలో ఉన్న ఏ పీసీలో పెట్టినా లేవాలి కాబట్టి అందులో వేల డ్రైవర్లు ఉంటాయి. మన ల్యాప్‌టాప్ నిజంగా వాడేవి నూరు లోపే. సొంతంగా కట్టేటప్పుడు "నాకు ఇవి చాలు" అని ఏరుకోవచ్చు. ఆ ఏరిక జాబితానే కాన్ఫిగ్ ఫైలు అంటారు. లైనక్స్‌తో కాస్త పరిచయం ఉన్నవాళ్ళ కోసం చెప్తున్నాను: నడుస్తున్న డెబియన్ కెర్నెల్ కాన్ఫిగ్ బూట్ డైరెక్టరీలోనే ఉంటుంది, దాన్ని సోర్సులోకి కాపీ చేసుకుని, 'మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్' అని కొడితే, ఆ క్షణంలో లోడయి ఉన్న మాడ్యూళ్ళని చూసి మిగతావి కొట్టేస్తుంది. స్టీవెన్ రాస్టెడ్ అనే ఆయన రాసిన స్క్రిప్టు, 2.6.32 నుంచి ఉంది. చాలా ఉపకారం. 'ఆ క్షణంలో' అన్న మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ముందుకి వెళ్ళేముందు ఇప్పుడు సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకి ఒక్క మాట. ఇదంతా సొంత యంత్రాల మీద. సర్వీసు కంప్యూటర్ మీద చెయ్యి వెయ్యొద్దు, సొంత పెన్‌డ్రైవ్ దాని దగ్గరికి కూడా తీసుకెళ్ళొద్దు. రక్షణ మంత్రిత్వ శాఖ తన కంప్యూటర్లకి ఉబుంటు ఆధారంగా మాయా ఓఎస్ అని తెచ్చుకుంటున్నట్టు 2023 ఆగస్టులో పత్రికల్లో వచ్చింది. చెన్నై సీ-డాక్ వాళ్ళ బాస్ లైనక్స్ 2007 నుంచి ఉంది. అవి ఎవరు కట్టాలో, ఎలా కట్టాలో చూసుకోవడానికి వేరే మనుషులున్నారు. రిటైరయిన మనం మన పాత డబ్బాలతో కుస్తీ పడదాం.

మా బృందం ముగ్గురం. నేను, నేవీలో ఎలక్ట్రికల్ ఆర్టిఫిసర్‌గా చేసిన మా పెద్దాయన, మన సభ్యుడొకరి అబ్బాయి, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మొదటిరోజే ఆ అబ్బాయి "అంకుల్, ముప్పై వేలు పెడితే కొత్తది వస్తుంది, దీంతో ఎందుకు?" అన్నాడు. పెద్దాయన ప్యారలల్ పోర్టు చూపించి, "ముందు ఇది ఉన్న కొత్తది తీసుకురా, తర్వాత మాట్లాడదాం" అన్నారు. వాడు మర్నాడు రెండు షాపులు తిరిగొచ్చి చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు.

మొదటి పని, లాగ్‌బుక్ తెరవడం. ఎయిర్‌ఫోర్స్‌వాళ్ళకి ఫారం 700 తెలుసు. విమానం మీద ఏ స్క్రూ తిప్పినా అందులో ఎక్కాలి. అలాగే ఒక నోటుబుక్ పెట్టాం. తేదీ, టైము, ఏం మార్చాం, ఏం కనబడింది. ఒకసారి ఒకటే మార్పు. రెండోది, రిజిస్టరు మొత్తం రెండు పెన్‌డ్రైవ్‌ల మీదకి కాపీ తీసి, ఒకటి మా ఇంట్లో, ఒకటి పెద్దాయన ఇంట్లో. ఆ తర్వాతే సోర్సు దింపాం. 2024 నవంబరులో వచ్చిన 6.12 తీసుకున్నాం. దింపేటప్పుడు దాదాపు 150 ఎంబీ, విప్పితే ఒకటిన్నర జీబీ.

కట్టడం మొదలెట్టగానే చిన్న చిన్న ఆటంకాలు. ఫ్లెక్స్ లేదు, బైసన్ లేదు, ఓపెన్‌ఎస్ఎస్ఎల్ హెడర్లు లేవు అని ఒక్కొక్కటే అడుగుతుంది. అడిగినవి ఇన్‌స్టాల్ చేస్తే సరి. ఆ తర్వాత ఒక వింత ఎర్రర్ వస్తుంది. డెబియన్ కాన్ఫిగ్‌తో కట్టే ప్రతివాడికీ వచ్చేదే కాబట్టి చెప్తున్నాను: డెబియన్ సర్టిఫికెట్ ఫైలు కనబడటంలేదు, దాన్ని తయారుచేసే దారి తెలియదు అంటుంది. కారణం, ఆ కాన్ఫిగ్‌లో 'సిస్టమ్ ట్రస్టెడ్ కీస్' అన్నచోట డెబియన్‌వాళ్ళ సొంత ఫైలు పేరుంటుంది. అది వాళ్ళ దగ్గరుంటుంది, మన దగ్గరుండదు. ఆ గడిని ఖాళీ చేస్తే పోతుంది. ఇవేవీ పెద్ద స్నాగులు కావు. చెప్పింది చదివితే తీరిపోయేవి.

అసలు స్నాగు ఆ సాయంత్రం మొదలైంది. కంపైలరు మధ్యలో "ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్, సెగ్మెంటేషన్ ఫాల్ట్" అని చచ్చిపోయింది. మళ్ళీ 'మేక్' కొడితే అదే ఫైలు శుభ్రంగా కంపైల్ అయి, ఇంకో ఇరవై ఫైళ్ళ తర్వాత వేరేచోట చచ్చింది. మూడోసారి ఇంకోచోట.

అబ్బాయి కంపైలర్ వెర్షన్ మారుద్దామన్నాడు. పెద్దాయన వద్దన్నారు. ఆయన అడిగింది ఒకటే ప్రశ్న: "ఫాల్టు ఒకేచోట వస్తోందా, చోటు మారుతోందా?" ఒకే ఫైల్లో, ఒకే లైన్లో ప్రతిసారీ ఆగితే అది రాతలో తప్పు, సాఫ్ట్‌వేర్. చోటు మారుతుంటే రాత బాగానే ఉంది, చదివే యంత్రం తడబడుతోంది. రాడార్ తెరమీద మచ్చ ఎప్పుడూ ఒకే దిక్కున ఉంటే అక్కడ కొండ ఉందనుకుంటాం, తిరుగుతుంటే రిసీవర్ విప్పుతాం. అదే తర్కం. కెర్నెల్ కట్టడం అంత కఠినమైన మెమరీ పరీక్ష మరోటి లేదని పాతకాలం లైనక్స్‌వాళ్ళకి బాగా తెలుసు. గంటల తరబడి మెమరీలో ప్రతి మూలా తడుముతుంది. మామూలుగా ఉత్తరం టైప్ చేసుకునేవాడికి ఏళ్ళ తరబడి కనబడని లోపం ఇక్కడ పది నిమిషాల్లో బయటపడుతుంది.

మెమ్‌టెస్ట్86ప్లస్ అనే పరీక్ష పెన్‌డ్రైవ్ మీద పెట్టి రాత్రంతా నడిపాం. పొద్దున్నకి తెర మీద ఎర్ర గీతలు. 512 ఎంబీ ముక్కలు రెండున్నాయి, ఒకటి అడుగున, ఒకటి కీబోర్డు కింద. ఒకటి తీసి పరీక్ష, రెండోది తీసి పరీక్ష. తప్పు ముక్కతో పాటు కదలడంలేదు, అడుగున ఉన్న స్లాట్‌లో ఏది పెట్టినా వస్తోంది. అంటే చిప్పులు మంచివే, కాంటాక్టులు కావు. ఇరవయ్యేళ్ళు ఈ సముద్రపు గాలి పీల్చిన బంగారు పూత అది. బీచ్ రోడ్డుకి నాలుగు వీధుల దూరంలో ఉన్న మన ఆఫీసులో తలుపు గడియలే ఏడాదికోసారి తుప్పు పడతాయి. పెద్దాయన జేబులోంచి స్కూలు పిల్లల రబ్బరు తీసి, కాంటాక్టుల మీద మెల్లగా రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, స్లాట్‌ని మెత్తటి బ్రష్‌తో దులిపి పెట్టారు. ఆ రాత్రి మెమ్‌టెస్ట్‌లో ఒక్క తప్పు లేదు. ఖర్చు మూడు రూపాయలు, రబ్బరు ఇంకా మిగిలే ఉంది.

అయిపోయిందనుకుంటే అవలేదు. ఈసారి ఎర్రర్ లేదు, మొత్తం యంత్రమే టప్పున ఆరిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ. లాగ్‌బుక్ ఇక్కడ అక్కరకొచ్చింది. మూడుసార్లు ఆరిన టైములు చూస్తే, మొదలెట్టినప్పటి నుంచి నలభై నిమిషాలు అటూ ఇటూ. ఏ ఫైలు నడుస్తోందన్నదానితో సంబంధం లేదు, ఎంతసేపయిందన్నదే లెక్క. గడియారం చూసి వచ్చే ఫాల్టు ఏమిటో ఈ సభలో టెక్నికల్ ట్రేడ్‌వాళ్ళు ఇప్పటికే అనేసుకుని ఉంటారు. వేడి. సిస్టమ్ లాగ్ తీస్తే ఉష్ణోగ్రత ప్రమాద స్థాయి దాటిందని, అందుకే ఆపేస్తున్నానని కెర్నెలే రాసిపెట్టి పోయింది. విప్పితే ఫ్యాన్‌కీ రాగి రేకులకీ మధ్య దుమ్ము, తేమకి గట్టిపడి దుప్పటి ముక్కలా ఉంది. దాన్ని తీసి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాశాం. తర్వాత నాలుగు గంటలు నిలబెట్టి కంపైల్ చేసినా డెబ్భై అయిదు డిగ్రీలు దాటలేదు.

ఇంత సేపూ మేము కెర్నెల్ జోలికే వెళ్ళలేదని గమనించారా? రెండు స్నాగులూ యంత్రంలోవి. కెర్నెల్ కట్టబోయాం కాబట్టి బయటపడ్డాయి. రిజిస్టరు ఆ మెమరీ గుండానే కదా డిస్క్ మీదకి వెళ్తోంది! ఒక్క అంకె తారుమారై ఒక పీపీవో నంబరు తప్పు పడి ఉంటే? పాత కాగితాలతో పోల్చి రిజిస్టరంతా సరిచూశాం, మూడు రోజులు పట్టింది. అదృష్టవశాత్తు తేడా కనబడలేదు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన పని అదే.

తర్వాతిది కరెంటు. బ్యాటరీ ఎప్పుడో పోయింది. నాలుగో గంటలో కరెంటు పోయింది, ల్యాప్‌టాప్ ఆరింది. 'మేక్' మంచి పనివాడు, ఆపినచోటి నుంచి మొదలుపెడతాడు. కానీ కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న ఫైళ్ళు సగంలో మిగిలిపోతాయి, అవి పూర్తయ్యాయనుకుని ముందుకి పోతాడు. చివర్లో జోడించేటప్పుడు "ఫైల్ ట్రంకేటెడ్" అంటుంది. మొత్తం తుడిచి మొదటికి వెళ్ళనక్కర్లేదు. సున్నా సైజు ఉన్న ఆబ్జెక్టు ఫైళ్ళు వెతికి కొట్టేసి మళ్ళీ 'మేక్' అంటే అవి మాత్రమే తిరిగి కడుతుంది. ఆ తర్వాత ఒక యూపీఎస్ అరువు తెచ్చుకున్నాం.

ఆఖరి మెట్టులో ఇంకో చావు. అంతా జోడించే సమయంలో "కిల్డ్" అని ఒక్క మాట. కారణం చెప్పదు. డీమెసేజ్‌లో చూస్తే మెమరీ చాలక కెర్నెలే ఆ ప్రోగ్రామ్‌ని చంపింది. డెబియన్ కాన్ఫిగ్‌లో డీబగ్ సమాచారం ఆన్‌లో ఉంటుంది. పెద్ద యంత్రాల మీద అది అక్కరకొచ్చేదే, మన 1 జీబీకి గుదిబండ. అది ఆపేస్తే మెమరీ సరిపోయింది, డిస్క్ మీద కూడా ఎన్నో జీబీలు మిగిలాయి.

ఇప్పుడు అసలు ఘట్టం. కెర్నెల్ తయారైంది, 'మాడ్యూల్స్ ఇన్‌స్టాల్', 'ఇన్‌స్టాల్' రెండూ నడిచాయి. కానీ గ్రబ్ మెనూలో కొత్త కెర్నెల్ పేరు లేదు. 'అప్‌డేట్ గ్రబ్' చేత్తో కొడితే పేరొచ్చింది. దాన్ని ఎంచుకుంటే, నాలుగు సెకన్లు అక్షరాలు పరిగెత్తి ఆగిపోయాయి. క్యాప్స్‌లాక్ దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. కెర్నెల్ పానిక్ అయితే కీబోర్డు దీపాలు అలా కొట్టుకుంటాయి, తెర నల్లగా ఉన్నా ఆ దీపం చూసి తెలుసుకోవచ్చు. తెర మీద ఆఖరి వరస: వీఎఫ్ఎస్, రూట్ ఫైల్ సిస్టమ్ మౌంట్ చెయ్యలేకపోతున్నాను, అన్‌నోన్ బ్లాక్ సున్నా కామా సున్నా.

అబ్బాయి ముఖం వాడిపోయింది. రిజిస్టరు పోయిందనుకున్నాడు. పోలేదు. రీసెట్ చేసి మెనూలో పాత కెర్నెల్ ఎంచుకుంటే ఎప్పట్లాగే లేచింది. పాతదాన్ని తీసెయ్యకుండా పక్కనే ఉంచడం ఇందుకే. కొత్తది నిలబడి నెల్రోజులు నడిచేదాకా స్టాండ్‌బై కదలకూడదు.

ఆ సున్నా కామా సున్నా ఏం చెప్తోంది? డిస్క్ పాడైందని కాదు. నాకు డిస్క్ అన్నదే కనబడటంలేదు అని. డిస్క్‌తో మాట్లాడే డ్రైవరు మన కాన్ఫిగ్‌లో మాడ్యూలుగా ఉంది. మాడ్యూలు డిస్క్ మీద ఉంది. డిస్క్ తెరవాలంటే మాడ్యూలు కావాలి, మాడ్యూలు కావాలంటే డిస్క్ తెరవాలి. తాళంచెవి బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టు. ఈ చిక్కు విప్పడానికే ఇనిట్‌ఆర్‌డీ అని ఒక చిన్న సంచీ, అత్యవసరమైన డ్రైవర్లతో, కెర్నెల్‌తో పాటు ముందుగా మెమరీలోకి ఎక్కుతుంది. మన కొత్త కెర్నెల్‌కి ఆ సంచీ ఉందా అని బూట్ డైరెక్టరీలో చూస్తే, కెర్నెల్ ఉంది, సంచీ లేదు.

ఎందుకు లేదు? ఇన్‌స్టాల్‌ని మళ్ళీ నడిపి, ఈసారి తెర మీద వచ్చేదంతా ఒక ఫైల్లోకి పట్టి, పై నుంచి కిందిదాకా చదివాం. వందల వరసల మధ్య ఒకటి: "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్". బూట్‌కి విడిగా కేటాయించిన భాగం 100 ఎంబీ కూడా లేదు. డెబియన్ కెర్నెళ్ళు రెండు, వాటి సంచులు రెండూ కలిసి దాన్ని నింపేశాయి. కొత్త సంచీ కట్టబోయి చోటులేక ఆగింది, అక్కడ ఆగడంవల్లే తర్వాత జరగాల్సిన గ్రబ్ పని జరగలేదు. మెనూలో పేరు రాకపోవడం, పానిక్, రెండూ ఒకే ఫాల్టుకి రెండు ముఖాలు.

మందు సులువు. డెబియన్ కెర్నెళ్ళలో మరీ పాతది ఒకటి తీసేశాం, రెండోది ఉంచాం. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ సెట్టింగుల్లో 'మాడ్యూల్స్' దగ్గర 'మోస్ట్' ఉన్నదాన్ని 'డెప్' చేశాం, అంటే ప్రపంచంలో ఉన్నవన్నీ కాక ఈ యంత్రానికి కావలసినవే సంచీలో పెట్టమని. మళ్ళీ బూట్ చేస్తే లాగిన్ దాకా వచ్చింది. డిస్క్ డ్రైవర్నీ, ఎక్స్‌టీ4నీ మాడ్యూళ్ళుగా కాక కెర్నెల్‌లోనే కలిపి కట్టేసే పద్ధతి కూడా ఉంది. అప్పుడు సంచీ లేకుండానే లేపొచ్చు, గ్రబ్‌లో రూట్ చిరునామా కాస్త వేరేగా ఇవ్వాలంతే. పెద్దాయన ఓటు దానికి. నేను సంచీ పక్షం. ఆ తగువు ఇంకా తెగలేదు.

కాఫీలు తెప్పించుకుని, కొత్త కెర్నెల్ మీద మొదటి దరఖాస్తు ప్రింట్ కొట్టాం. ప్రింటర్ కదల్లేదు. ఎల్‌పీ అనే మాడ్యూలు లేదంటుంది. ఇందాక 'ఆ క్షణంలో' అన్న మాట గుర్తుపెట్టుకోమన్నాను. లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ లెక్క తీసిన వారం ప్రింటరు రిబ్బన్ గేరు రిపేరుకి వెళ్ళి ఉంది, ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్ ఇంకా ఎక్కించలేదు. లెక్క తీసిన రోజు పెరేడ్‌లో లేనివాడి పేరు రోల్‌కాల్లో ఎక్కదు. వాడి రేషన్ కట్. పెన్‌డ్రైవ్‌ది అదే కథ, పెడితే వీఫ్యాట్ తెలియదంది. మెనూకాన్ఫిగ్‌లోకి వెళ్ళి ప్యారలల్ ప్రింటర్, యూఎస్‌బీ స్టోరేజి, వీఫ్యాట్, దానికి కావలసిన కోడ్‌పేజీలు మాడ్యూళ్ళుగా పెట్టి మళ్ళీ కట్టాం. ఈసారి మారినవే కడుతుంది కాబట్టి త్వరగా అయిపోయింది. మీరు చేసేటట్లయితే లెక్క తీసేముందు ప్రింటరు, పెన్‌డ్రైవు, వైఫై, మైకు, ఉన్నవన్నీ తగిలించి, ఒకసారి వాడి, అప్పుడు కొట్టండి.

ప్రింటరు గరగరమని మొదటి వరస కొడుతుంటే ఆ చప్పుడికి పక్కగది నుంచి కోశాధికారిగారు పరిగెత్తుకొచ్చారు. పోతన ఖతిలో తెలుగు పేరు మూడు ప్రతుల మీదా స్పష్టంగా పడింది. మూడో ప్రతి కాస్త మసక, అది కార్బన్ పాతదవడం వల్ల.

లాభమేమిటని అడుగుతారు. స్పీడు పెరిగిందని చెప్పి మిమ్మల్ని ఊరించను. బూట్ అవడానికి డెబ్భై సెకన్లు పట్టేది, ఇప్పుడు యాభై. మెమరీలో ఓ ఇరవై ఎంబీ మిగిలింది. ఈ పాటి దానికి ఎవరూ కెర్నెల్ కట్టక్కర్లేదు. మీ ఇంట్లో 64 బిట్ ల్యాప్‌టాప్ ఉంటే, అది 2008 నాటిదైనా సరే, డెబియన్‌వాళ్ళు కట్టిచ్చిన కెర్నెల్ వాడుకోండి, హాయిగా సవరణలు వాటంతటవే వస్తాయి. సొంతంగా కట్టినవాడికి ఆ సుఖం లేదు. 6.12కి సవరణ వచ్చినప్పుడల్లా సోర్సు దింపి, పాత కాన్ఫిగ్‌తో 'మేక్ ఓల్డ్‌కాన్ఫిగ్' కొట్టి, మళ్ళీ కట్టాలి. ఆ బాధ్యత మోయగలిగితేనే ఈ పని. మేము మోస్తున్నది ఆ ప్యారలల్ పోర్టు కోసం, ఆ రిజిస్టరు కోసం. ఆన్‌లైన్ పనులు, స్పర్శ్ పోర్టల్ లాంటివి, 1 జీబీలో నడిచే బ్రౌజర్‌తో అవవు, వాటికి వేరే కంప్యూటరే వాడుతున్నాం.

మన ఊళ్ళో ఈ విద్య తెలిసిన కుర్రాళ్ళకి కొదవలేదు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ హార్డ్‌వేర్ మూవ్‌మెంట్ పేరుతో పుదుచ్చేరి యువకులు పనిచేస్తున్నారు. పక్కనే విల్లుపురంలో 2023 జనవరిలో మినీ డెబ్‌కాన్ఫ్ జరిగింది. డెబియన్‌వాళ్ళ అంతర్జాతీయ సమావేశం డెబ్‌కాన్ఫ్ అదే ఏడు సెప్టెంబరులో కొచ్చిలో జరిగింది. అరవం రాకపోయినా ఫర్వాలేదు, ఎర్రర్ మెసేజ్‌కి భాషాభేదం లేదు.

కాన్ఫిగ్ ఫైలు ఇప్పుడు మూడుచోట్ల ఉంది, లాగ్‌బుక్ ల్యాప్‌టాప్ కిందే ఉంటుంది. తర్వాతి సవరణ కట్టేటప్పుడు అబ్బాయి పరీక్షలకి వెళ్ళిపోతాడు, పెద్దాయనకి కంటి ఆపరేషన్ ఉంది. ఇద్దరు మనుషులు కావాలి. ట్రేడ్ ఏదైనా ఫర్వాలేదు, రాసే అలవాటుంటే చాలు. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు తెరిచి ఉంటుంది, యూపీఎస్ తిరిగిచ్చేశాం కాబట్టి ఎవరింట్లోనైనా ఉంటే తీసుకురండి.

సెలవు. జైహింద్.